డెల్కోలో నిప్పు బాగుంటేనే.. బండికి ఊపు

పాత పెట్రోలు కార్లకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్
ఎవరికి లాభం.. ఎవరికి దండగ?

సాదలి: ట్యాంకులో పెట్రోలు ఉంది. బ్యాటరీ నిరుడే మార్చారు. ఇంజిన్ పనీ చేయించారు. అయినా చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి కిర్రుకిర్రుమంటుందే గానీ అందుకోదు. సీట్లు తీసేసి ఎత్తిన పట్టుగూళ్లు వేళకు శిడ్లఘట్ట మార్కెట్‌కు చేరాలి. నలుగురు తోస్తే గానీ కదలని ఓమ్నీ, ఎత్తు రోడ్డు రాగానే మళ్లీ దగ్గుతుంది. ‘కార్బురేటర్ కడిగించు’ అని ఒకరంటారు. ‘ఇంజిన్ అయిపోయింది, అమ్మేయ్’ అని ఇంకొకరు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిలోనూ ఉండదు. డెల్కో మూత కింద, అర మిల్లీమీటరు కూడా లేని సందులో ఉంటుంది!

సాదలి నుంచి బాగేపల్లి దాకా, ఇటు చింతామణి దాకా పల్లెల్లో కార్బురేటర్ కాలపు పెట్రోలు బండ్లు ఇంకా కనిపిస్తాయి. మారుతీ 800, ఓమ్నీ, అక్కడక్కడా ఓ అంబాసిడర్, ఓ పద్మిని. వీటి యజమానులు షెడ్డుకు వెళితే అడిగే మాట ఒకటే.. ‘ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తే పికప్ వస్తాదా? మైలేజీ పెరుగుతాదా?’

ఈ ప్రశ్నకు ఇప్పుడు బరువు పెరిగింది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలు ఫీజు పెట్టారు. 20 ఏళ్లు దాటిన కారుకైతే 2025 ఆగస్టులో దాన్ని రూ.10 వేలు చేశారు. దానికి తోడు ఎఫ్‌సీ, ఎమిషన్ టెస్టు. ఇంత ఖర్చుపెట్టి బండిని ఉంచుకోవాలా, తుక్కుకు ఇచ్చేయాలా అన్నది ఎన్నో ఇళ్లలో తేలని లెక్క. అందుకే కొత్త కిట్టు కొనేముందు, ఆ నిప్పురవ్వ ఎలా పుడుతుందో తెలుసుకోవడం మంచిది.

12 వోల్టులు.. వేలల్లోకి!

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొసన గాలిలో రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిల్‌ది. కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. లావు తీగ చుట్టు కొన్ని వందలు, సన్న తీగ చుట్టు వేలల్లో. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ కాయిల్‌లో అయస్కాంత శక్తి నిండుతుంది. ఆ కరెంటును టక్కున ఆపేస్తే, సన్న తీగలో 15 వేల నుంచి 20 వేల వోల్టులు పుడతాయి. డెల్కోలోని రోటర్ దాన్ని ఏ సిలిండర్ వంతు వస్తే ఆ ప్లగ్గుకు పంచుతుంది.

కరెంటును ఆపేది ఎవరు? అదే పాయింట్. రెండు చిన్న లోహపు బిళ్లలు. ఇంజిన్‌తో పాటు తిరిగే క్యామ్ వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరుచుకునే క్షణంలో ఆ బిళ్లల మధ్యే రవ్వ పుట్టకుండా కాపాడేది కండెన్సర్.

ఎంత వేగంగా జరుగుతుందో లెక్క వేయండి. మారుతీ 800కు మూడు సిలిండర్లు. ఇంజిన్ నిమిషానికి 3 వేల చుట్లు తిరిగితే నిమిషానికి 4,500 రవ్వలు కావాలి. అంటే సెకనుకు 75! అదే చుట్ల మీద నాలుగు సిలిండర్ల పద్మినికి, అంబాసిడర్‌కు సెకనుకు వంద. ఇంత పని చేసే ఆ చిన్న బిళ్లలు కాలకపోతేనే ఆశ్చర్యం.

పాయింట్ అరిగితే ఏమవుతుంది?

పాయింట్ రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి.. బిళ్లల మీద ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ తేలుతుంది. కరెంటు సరిగా పారదు, రవ్వ పలచబడుతుంది. రెండోది ఎవరికీ కనిపించదు. క్యామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క కొంచెం కొంచెం అరుగుతుంది. అది అరిగినకొద్దీ సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. రవ్వ ఆలస్యంగా పడుతుంది. దీన్నే షెడ్డులో ‘టైమింగ్ వెనక్కి పోయింది’ అంటారు.

రవ్వ ఆలస్యమైతే పిస్టన్ కిందికి దిగడం మొదలయ్యాక పెట్రోలు మండుతుంది. తోయాల్సిన శక్తి వేడిగా మారి సైలెన్సర్‌లోంచి పోతుంది. బండి వేడెక్కుతుంది, లాగదు, పెట్రోలు తాగుతుంది. ఇదంతా ఒక్కరోజులో జరగదు. నెలనెలా ఇంత చొప్పున తగ్గుతుంది కాబట్టి నడిపేవారికి అలవాటైపోతుంది. ‘పాత బండి కదా, ఇంతేలే’ అనుకుంటారు.

ఎత్తు రోడ్డులోనే ఎందుకు దగ్గుతుంది?

చదును రోడ్డు మీద బాగానే పోయే కారు, నంది కొండ ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది. కారణం సులువు. ఎత్తులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాం. సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు ఎక్కువగా చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ ప్లగ్గు సందులో రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టులు కావాలి. బలహీనమైన కాయిల్, కాలిన పాయింట్, పగుళ్లు పట్టిన ప్లగ్ వైర్లు అంత ఇవ్వలేవు. వానాకాలంలో తేమ పట్టిన డెల్కో మూతలో కరెంటు పక్కదారి పడితే ఇంకా కష్టం.

పొద్దున్నే స్టార్ట్ కాకపోవడానికీ లెక్క ఉంది. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు బ్యాటరీ 12 వోల్టుల నుంచి 10కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. కాయిల్‌కు అందే కరెంటూ ఆ మేరకు తగ్గుతుంది. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. గట్టి రవ్వ కావాల్సిన సమయంలోనే పలచటి రవ్వ పడుతుందన్నమాట.

డెల్కో.. ఊరి పేరు కాదు!

మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అంటారు. సాదలిలో అడిగినా, హిందూపురంలో అడిగినా అదే పేరు. ఇది అమెరికాలో ఒక కంపెనీ పేరు. ఒహాయో రాష్ట్రం డేటన్ పట్టణంలో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ అనే ఇద్దరు కలిసి 1909లో ‘డేటన్ ఇంజినీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ’ పెట్టారు. ఆ ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే డెల్కో. బ్యాటరీ, కాయిల్, పాయింట్‌తో రవ్వ పుట్టించే పద్ధతిని కెటరింగ్ గట్టిపరిచాడు. 1910 కాడిలాక్ కార్లలో అది వచ్చింది. రెండేళ్లకు, 1912 కాడిలాక్‌లో సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అదీ ఆయన పనితనమే. మనం రోజూ పలికే ‘డెల్కో’, ‘సెల్ఫ్’ రెండింటి వెనకా ఉన్నది ఒకే మనిషి!

కార్ల కథలో మన జిల్లాకూ చోటుంది. దేశంలోనే మోటారు కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని 1930లలో పథకం తయారుచేసి పట్టుబట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది చిక్కబళ్లాపురం పక్కనున్న ముద్దేనహళ్లిలోనే. ఆయన ఇంటిపేరు ఆంధ్రలో గిద్దలూరు దగ్గరి మోక్షగుండానిది. బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టాలన్న ఆయన కోరిక అప్పట్లో తీరలేదు. ఆయనతో కలిసి ప్రయత్నించిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. పద్మిని కారు వచ్చింది ఆ కంపెనీ నుంచే.

ఇక ప్లగ్గు. మైకో ప్లగ్గు పేరు తెలియని డ్రైవరు ఉండడు. 1951లో మొదలైన ఆ కంపెనీ బెంగళూరు ఆడుగోడిలో ఫ్యాక్టరీ పెట్టింది. అది జర్మనీలోని బాష్ కంపెనీకి చెందిన సంస్థ. 2008లో పేరు కూడా బాష్ లిమిటెడ్‌గా మారింది. 1902లో హైవోల్టేజీ మాగ్నెటోను, దానితో పాటు స్పార్క్ ప్లగ్గును మార్కెట్లోకి తెచ్చింది కూడా బాష్ వారే.

ఎలక్ట్రానిక్ అంటే ఏంటి?

కెటరింగ్ పద్ధతి 60 ఏళ్లు ఎదురులేకుండా సాగింది. అమెరికాలో 1973 నాటికి క్రైస్లర్ తన కార్లన్నింటికీ పాయింట్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. మిగతావారూ అదే దారి పట్టారు. పొగ నిబంధనలు బిగుసుకోవడం దీనికి పెద్ద కారణం. పాత కార్లకు దొరికే కిట్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది: పాయింట్‌ను ఉంచేసి, మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టేది. పాయింట్ మీదుగా కొద్ది కరెంటే పోతుంది. అసలు కరెంటును ట్రాన్సిస్టర్ ఆపుతుంది. బిళ్లలు కాలవు. కానీ ఫైబర్ ముక్క అరగడం మాత్రం ఆగదు.

రెండోది: పాయింట్ పూర్తిగా తీసేసేది. దాని చోట అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న సెన్సర్ వస్తుంది. రాసుకునేది ఏదీ లేదు, అరిగేది లేదు. ఒకసారి పెట్టిన టైమింగ్ పక్కకు జరగదు. పాత కార్లకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

మూడోది: సీడీఐ. కెపాసిటర్‌లో 300, 400 వోల్టులు నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది. రవ్వ చాలా చురుగ్గా పుడుతుంది, కానీ తక్కువసేపు నిలుస్తుంది. వేగంగా తిరిగే ఇంజిన్లకు, బైకులకు బాగా నప్పుతుంది.

మరి పికప్ వస్తుందా?

ఇక్కడే మోసపోకూడదు. కట్టెల పొయ్యికి ఒక్క అగ్గిపుల్ల చాలినప్పుడు పది పుల్లలు గీసినా మంట పెద్దదవదు. పెట్రోలూ అంతే. రవ్వ చాలినంత ఉండి, సమయానికి పడుతుంటే.. అంతకు రెట్టింపు రవ్వ పెట్టినా ఇంజిన్‌కు కొత్త బలం రాదు. మంచి కండిషన్‌లో ఉన్న బండికి కిట్టు పెడితే కనిపించే తేడా కొంచెమే.

తేడా కనిపించేది పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నప్పుడు. మిస్ కొడుతున్న బండి, టైమింగ్ వెనక్కి పోయిన బండి కిట్టు పెట్టాక ‘కొత్తగా అయింది’ అనిపిస్తుంది. అదే బండికి కొత్త పాయింట్, కండెన్సర్, ప్లగ్గులు వేసి టైమింగ్ పెడితే అందులో ఎక్కువ భాగం అలాగే వచ్చేది! ఎలక్ట్రానిక్ ఇచ్చే అసలు లాభం బలం కాదు.. నిలకడ. ఈ రోజు ఉన్న టైమింగ్ ఆరు నెలల తర్వాతా ఉంటుంది. చలిలో స్టార్ట్ సులువవుతుంది.

డబ్బు లెక్కా చూద్దాం. ట్యూనింగ్ తప్పి లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తున్న బండి సరిచేశాక 15 ఇచ్చిందనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సుమారు 4.8 లీటర్లు మిగులుతాయి. లీటరు రూ.100 లెక్కన నెలకు రూ.480 దాకా. రోజూ తిరిగే బండికి కిట్టు ఖర్చు మెల్లగా తిరిగొస్తుంది. నెలకోసారి గుడికో పెళ్లికో తీసే బండికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ముందు ఇవి చూడండి

కిట్టు కొనడానికి జేసీ రోడ్డు బస్సు ఎక్కేముందు మీ ఊరి షెడ్డులోనే అయ్యే పనులివి.

ప్లగ్గులు తీసి రంగు చూడాలి. లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా రవ్వ చాలడం లేదు. మరీ తెల్లగా ఉంటే ఇంజిన్ వేడెక్కుతోంది. సందు కంపెనీ చెప్పినంత ఉండాలి, ఫీలర్ గేజ్‌తోనే కొలవాలి. బ్లేడు పెట్టి అంచనా వేయడం వద్దు.

రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. ప్లగ్ వైర్ల మీద, డెల్కో మూత మీద నీలి రవ్వలు పాకుతుంటే కరెంటు లీకవుతోందని అర్థం. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

డెల్కో షాఫ్ట్‌ను వేళ్లతో అటూ ఇటూ కదపాలి. ఆడుతుంటే బుష్ అరిగినట్లే. లోపలి బరువులు, స్ప్రింగులు తుప్పు పట్టి బిగుసుకున్నాయేమో, వ్యాక్యూమ్ గొట్టం, డయాఫ్రమ్ చిరిగాయేమో చూడాలి. వేగాన్ని, బరువును బట్టి రవ్వను ముందుకు జరిపేవి ఇవే. వీటిని బాగు చేయకుండా పైన ఎంత ఖరీదైన కిట్టు పెట్టినా రవ్వ తప్పుడు సమయానికే పడుతుంది. కిట్టు పెట్టించుకుని ‘ఏం తేడా లేదే’ అని నిట్టూర్చే చాలామంది విషయంలో జరిగేది ఇదే.

ఆఖరున టైమింగ్. మరీ ముందుకు పెడితే ఎత్తులో ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడును పట్టించుకోకపోతే పిస్టన్‌కే ఎసరు.

కాయిల్ మార్చేటప్పుడు జాగ్రత్త

‘పవర్ కాయిల్’ ఒక్కటే మారిస్తే చాలని కొందరు చెబుతారు. పాయింట్ ఉన్న బండికి కాయిల్ నిరోధం సాధారణంగా 3 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. 12 వోల్టులకు 4 ఆంపియర్లు పారుతాయి. దాని చోట ఒకటిన్నర ఓమ్ కాయిల్ పెడితే 8 ఆంపియర్లు! పాయింట్ కొద్దిరోజుల్లో మాడిపోతుంది. అలాంటి కాయిల్ ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తోనే వాడాలి. అదీ ఆ మాడ్యూల్‌కు సరిపోతేనే.

ఎలక్ట్రానిక్ పెట్టాక పాత అలవాట్లు కొన్ని మానుకోవాలి. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచొద్దు. బ్యాటరీ వైర్లు తారుమారైతే మాడ్యూల్ క్షణంలో పోతుంది. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ విప్పాలి. ఎర్త్ గట్టిగా ఉండాలి. రవ్వ ఉందో లేదో చూడటానికి నడుస్తున్న ఇంజిన్ నుంచి ప్లగ్ వైరు పీకడం ఆపేయాలి. ఇక్కడ వోల్టులు 30 వేలు దాటొచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరకే రాకూడదు.

ఇంకో మాట. పాయింట్ దారిలో మొండికేస్తే ఎమరీ ముక్కతో గీకి ఇల్లు చేరొచ్చు. మాడ్యూల్ పోతే రోడ్డు పక్కన ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే పాత పాయింట్ ప్లేటు, కండెన్సర్ పారేయకండి. గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి. చేళూరు వైపో, గుడిబండ వైపో రాత్రివేళ బండి ఆగితే అవే అక్కరకొస్తాయి.

ఎవరికి అక్కర్లేదు?

డీజిల్ బండ్లకు రవ్వతో పనే లేదు. జీపు, సుమో, బొలెరో డీజిల్ ఇంజిన్లలో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ‘డీజిల్ జీపుకు ఇగ్నిషన్ కిట్టు’ అని ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఎంపీఎఫ్ఐ కార్లదీ ఇదే మాట. వాటిలో రవ్వ ఎప్పుడు పడాలో కంప్యూటరే చూసుకుంటుంది. కంపెనీ చెప్పిన ప్లగ్గు, మంచి కాయిల్, మంచి వైర్లు ఉంటే చాలు. బయటి పెట్టెలు తగిలిస్తే ఉన్న లెక్క చెడుతుంది. మిస్ కొడుతుంటే ఆలస్యం చేయొద్దు. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.

గ్యాసుకు మార్చిన బండ్లకు మాత్రం ఇగ్నిషన్ గట్టిగా ఉండాల్సిందే. పెట్రోలు కన్నా గ్యాసు అంటుకోవడానికి ఎక్కువ వోల్టులు కావాలి. పెట్రోలు మీద కనపడని లోపం గ్యాసు మీద బ్యాక్‌ఫైర్‌గా బయటపడుతుంది. అనుమతి ఉన్న కిట్టు, ఆర్సీలో నమోదు తప్పనిసరి. వంటింటి సిలిండర్‌ను వ్యానులో పెట్టుకోవడం నేరం. పిల్లల్ని బడికి దింపే బండిలోనైతే అది నేరానికి మించినది.

ఎమిషన్ టెస్టులో తేలిపోతుంది

ఇటు ఎమిషన్ టెస్టు అంటాం, అవతల ఆంధ్రలో పొల్యూషన్ అంటారు. పరీక్ష ఒకటే. భారత్ స్టేజ్-2కు ముందరి నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. తర్వాతి బండ్లకు హద్దు ఇంకా తక్కువ. హైడ్రోకార్బన్లు అంటే కాలకుండా బయటికొచ్చిన పెట్రోలే. ఒక్క సిలిండర్ మిస్ కొట్టినా ఆ అంకె ఎగబాకుతుంది. టెస్టుకు ముందురోజు ప్లగ్గులు, వైర్లు, టైమింగ్ చూపించుకుంటే చాలామందికి రెండోసారి వెళ్లే పని తప్పుతుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో పాత కార్బురేటర్ బండ్లలో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. సెట్టింగు చూపించేటప్పుడు రబ్బరు పైపులూ చూపించుకోవాలి.

మొత్తానికి తేలేది ఇదీ. రోజూ తిరిగే పాత పెట్రోలు బండి, డెల్కో బాగుంది, ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకోవాలనుకుంటున్నారు.. పాయింట్ లేని ఎలక్ట్రానిక్ సెట్టు పెట్టించుకోండి, ఫలితం ఉంటుంది. అప్పుడప్పుడే తీసే బండి అయితే కొత్త పాయింట్, కండెన్సర్, మంచి ప్లగ్గులు, ఒక గంట ఓపికగా టైమింగ్ పెట్టే చేయి చాలు. రెన్యువల్‌కు పది వేలు కట్టాలా వద్దా అన్నది కూడా ఆ గంట పని అయ్యాకే నిర్ణయించుకోండి. రవ్వ సరిచేయకముందే ఇంజిన్ మీద తీర్పు చెప్పొద్దు. మిస్ కొడుతోందని తక్కువకు అమ్మేసిన బండి, కొన్నవాడి చేతిలో పాయింట్ మార్చగానే చక్కగా పరుగెత్తితే.. నష్టం మీదే!